ఈ నవంబర్‌లో రెండో ప్రశ్న కూడా అడగండి

గోదావరి జిల్లాల కలెక్టర్లకు, సైనిక సంక్షేమ అధికారులకు, డెల్టా ఊళ్ళలోని హైస్కూలు హెడ్మాస్టర్లకు నమస్కారం.

నేను కోనసీమలో పుట్టి పెరిగినదాన్ని. ఏటీఆర్ 72 విమానం నడపడం నా ఉద్యోగం. రాజమండ్రి దగ్గర మధురపూడి విమానాశ్రయంలో దిగే రోజుల్లో ఆకాశం తేటగా ఉంటే ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలడం కనిపిస్తుంది. ఆ రెండు పాయల మధ్య కొబ్బరి తోటల కింద ఎక్కడో మా ఊరు. ఇన్నేళ్ళూ ఆ పచ్చదనాన్ని పైనుంచి చూసి మురిసిపోయానే గాని, ఆ చెట్ల నీడన నాకంటే ముందు విమానాలతో బతికినవాళ్ళు ఉంటారేమోనని ఒక్కనాడూ అనుకోలేదు. మొన్న సంక్రాంతికి అలాంటి మనిషి ఒకరు సఖినేటిపల్లి రేవులో ఎదురుపడ్డారు. ఆయన గురించి చెప్పి, ఆయనలాంటి మాజీ సైనికుల మాటలు రికార్డు చేయించే పని ఒకటి మిమ్మల్ని అడుగుదామని ఈ ఉత్తరం రాస్తున్నాను.

కనుమ వెళ్ళిన మర్నాడు. నరసాపురంలో మా పిన్ని వాళ్ళింటికి సున్నుండల డబ్బా పట్టుకుని స్కూటీ మీద బయల్దేరాను. నది దాటించే పంటు ఎక్కి, బండి స్టాండు వేసి, ఇంజన్ పక్కన నిలబడ్డాను. పొగకీ చప్పుడుకీ అందరూ అక్కడినుంచి దూరంగా జరుగుతారు. నాకు మాత్రం ఎక్కడ ఇంజన్ కనబడినా దగ్గరకెళ్ళి చూడటం అలవాటు. ప్రతి ప్రయాణానికీ ముందు మేము విమానం చుట్టూ ఒక చుట్టు నడిచి చూడాలి. టైర్లెలా ఉన్నాయి, ఎక్కడైనా నూనె చెమ్మ ఉందా, ఏ మూతైనా వదులైందా అని. ఆ రోజూ అదే చూపుతో చూశాను. ఇంజన్‌కి ఒక పక్క ఇనప మూత, దానికి నాలుగు బోల్టులు. ఆ బోల్టుల తలలకు సన్నటి బెజ్జాలు వేసి, వాటిలోంచి స్టీలు తీగ దూర్చి, రెండేసి బోల్టుల్ని జంటగా కట్టారు. తీగ మెలికలు జడ అల్లినంత సమంగా ఉన్నాయి. కొస చేతికి గుచ్చుకోకుండా వెనక్కి మడిచి లోపలికి నొక్కేశారు.

దాన్ని మేము లాక్‌వైర్ అంటాం. ఇంజన్ అదురుకి బోల్టు వదులవబోతే, ఆ తీగ పక్క బోల్టుని బిగిసే వైపుకి లాగుతుంది. దాంతో ఏదీ ఊడిరాదు. తీగని ఏ వైపునుంచి తిప్పి కట్టాలో తెలియకపోతే కట్టినా ఉపయోగం లేదు. అంగుళానికి ఆరు నుంచి ఎనిమిది మెలికలు పడాలి. మరీ ఎక్కువైతే తీగ తెగుతుంది, తక్కువైతే పట్టు ఉండదు. విమానాల ఇంజన్ల మీద తప్ప అంత శుభ్రమైన కట్టు నేనెక్కడా చూడలేదు. గోదావరి మీద, పంటు ఇంజన్ మీద చూశాను.

"ఇది ఎవరు కట్టారండీ?" అని పంటు నడిపే సరంగుని అడిగాను.

"ఆయ్, ఆ తాతగారేనండీ. అదిగో, గొడుగు పట్టుకుని కూర్చున్నారు. అదురుకి బోల్టులు ఊడిపోతున్నాయని మేం తిప్పలు పడుతుంటే ఆయనే బెజ్జాలు వేయించి కట్టిచ్చారు. మూడేళ్ళయిందండీ, మళ్ళీ ముట్టుకోలేదు."

వెళ్ళి పలకరించాను. తెల్ల పంచె, ముంజేతుల చొక్కా, కళ్ళజోడుకి ఒక పక్క దారం. ఆ తీగ గురించి అడిగితే నన్ను పైనుంచి కిందకి చూసి, "అది నీ కంట్లో ఎలా పడిందమ్మా?" అన్నారు. పైలట్‌నని చెప్పాను. మామూలుగా ఆ మాట చెప్పగానే, అంత ఎత్తులో భయం వేయదా అనో, జీతం ఎంతొస్తుంది అనో, పెళ్ళయిందా అనో అడుగుతారు. ఆయన అవేమీ అడగలేదు.

"ఏ టైపు?" అన్నారు.

విమానాల్లో పనిచేసినవాళ్ళు తప్ప ఇంకెవరూ ఆ ప్రశ్న ఆ రెండు మాటల్లో అడగరు. ఏటీఆర్ అన్నాను. ఇంజన్ ఎవరిదన్నారు. ప్రాట్ అండ్ విట్నీ అన్నాను. ఆయన గొడుగు పక్కన పెట్టేశారు.

"మా డకోటాదీ ప్రాట్ అండ్ విట్నీయేనమ్మా! రెండు వరసల్లో 14 సిలిండర్లు. సిలిండర్‌కి రెండు స్పార్క్ ప్లగ్గులు. ఇంజన్‌కి 28, బండికి 56. నిద్రలో లేపి అడిగినా ఏ ప్లగ్గు ఎక్కడుందో చెప్పేవాళ్ళం." డకోటా అంటే ఆ కాలపు సైనిక రవాణా విమానం.

ఆ రోజు పిన్ని వాళ్ళింటికి మధ్యాహ్నం భోజనాల వేళకి చేరాల్సినదాన్ని సాయంత్రం చేరాను.

ఆయన భారత వైమానిక దళంలో ఇంజన్ ఫిట్టర్. చైనా యుద్ధం అయ్యాక పెద్ద ఎత్తున మనుషుల్ని తీసుకుంటున్న రోజుల్లో, 1963లో, పద్దెనిమిదేళ్ళ వయసులో చేరారు. నరసాపురంలో రైలెక్కి మద్రాసు వెళ్ళారట. అంతకు ముందు ఏలూరు దాటి ఎరగరు. తాంబరంలో శిక్షణ అయ్యాక అస్సాంలో జోర్హాట్‌కి, డకోటాల దగ్గరికి పంపారు. 1965లోనూ 1971లోనూ పనిచేసి, పదిహేనేళ్ళ సర్వీసు ముగించుకుని 1978లో ఇంటికొచ్చేశారు. కార్పొరల్‌గా రిటైరయ్యారు. వచ్చాక చేలకు నీళ్ళు తోడే ఆయిల్ ఇంజన్లు బాగుచేసుకుంటూ బతికారు. ఊళ్ళో అందరికీ ఆయన "మోటార్ల తాతగారు". రెండు యుద్ధాల్లో పనిచేశారన్న సంగతి ఆ ఊళ్ళో ఎంతమందికి తెలుసో నేను విచారించాను. ఇంట్లోవాళ్ళు కాక ఇద్దరికి తెలుసు.

జోర్హాట్ కబుర్లు ఆయన నోట వినాలి. అరుణాచల్ ప్రదేశ్‌ని అప్పట్లో నేఫా అనేవారు. రోడ్లు లేవు. కొండల్లో ఉన్న సైనికుల తిండీ తిప్పలూ అన్నీ పైనుంచి వేయాల్సిందే. డకోటా తలుపు ఊడదీసి, ఇరుకైన లోయలోకి దిగి, చిన్న మైదానం మీద చుట్లు కొడుతూ బస్తాలు కిందకి నెట్టేవారు. బియ్యానికి, ఉప్పుకి పారాచూట్లు ఉండవు. ఒక గోనెలో నింపి, ఆ గోనెని ఇంకో గోనెలో పెట్టి కుట్టి, అలాగే విసిరేసేవారు. లోపలి గోనె పగిలినా బయటిది ఆపుతుందని. "మన డెల్టా కుర్రాణ్ణి కదమ్మా, బియ్యం గింజ నేలపాలైతే ప్రాణం ఉసూరుమనేది. కింద వాళ్ళు ఏరుకుంటార్లే అని పైలట్‌గారు ఓదార్చేవారు" అన్నారు. నేను పదేళ్ళుగా విమానంలో తిరుగుతున్నాను. బస్తా లోపల బస్తా ఎందుకు కుడతారో నాకు ఆ రోజే తెలిసింది.

1971 డిసెంబర్ 11న తూర్పు పాకిస్తాన్‌లోని టాంగైల్ దగ్గర మన పారాచూట్ సైనికుల బెటాలియన్ ఒకటి ఆకాశంలోంచి దిగింది. ఢాకా వైపు వెనక్కి మళ్ళుతున్న శత్రు సేన దారి మూసేయడానికి. ఏఎన్ 12, ప్యాకెట్, క్యారిబూ అనే రవాణా విమానాలతో పాటు డకోటాలు కూడా ఆ పనికి వెళ్ళాయి. అయిదు రోజుల తర్వాత, డిసెంబర్ 16న, ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. ఇంతవరకూ పుస్తకాల్లో ఉంది. ఆ ముందు రాత్రి ఎలా గడిచిందో తాతగారు చెప్పారు.

బేస్ అంతా బ్లాకౌట్. టార్చికి నీలం కాగితం చుట్టి, దాని మీద గుడ్డ కట్టి, ఆ కాస్త వెలుగులో ప్లగ్గులు మార్చారు. డిసెంబర్ చలికి ఇనుము ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. చేతి తొడుగులు వేసుకుంటే ప్లగ్గు మర పట్టు తెలియదు. అందుకని నాలుగు ప్లగ్గులు బిగించి, చేతులు చంకల్లో పెట్టుకుని కాచుకుని, మళ్ళీ నాలుగు. తెల్లవారగట్ల ప్రాపెల్లర్‌ని చేత్తో తిప్పాలి. డకోటా ఇంజన్ గుండ్రంగా ఉంటుంది కదా, ఊరికే ఆగి ఉంటే నూనె కింది సిలిండర్లలోకి దిగిపోతుంది. తిప్పకుండా స్టార్ట్ చేస్తే లోపల కడ్డీ వంగిపోతుంది. ఇద్దరు కుర్రాళ్ళు ఒక్కొక్క రెక్కా పట్టి లాగుతూ ఉంటే, బరువు ఎక్కడ మొరాయిస్తుందో చేతికి తెలియాలి. ఈ మాట చెబుతున్నప్పుడు ఆయన రెండు చేతులూ పైకెత్తి, లేని రెక్కని పట్టుకుని, నెమ్మదిగా కిందకి లాగారు. సగంలో ఆపారు. "ఇదిగో, ఇక్కడ" అన్నారు. యాభై ఏళ్ళ తర్వాత కూడా ఆ బరువు ఆ చేతుల్లో ఉంది.

అన్నీ అయ్యాక ఫారం 700 మీద సంతకం. విమానం ఎగరడానికి సిద్ధంగా ఉందని ముందు ఫిట్టర్లు సంతకాలు పెడతారు. ఆ తర్వాతే పైలట్ పెడతాడు. "నా సంతకం పైన, ఆయన సంతకం కింద. అంటే నా మాట నమ్మి ఆయన ఎక్కినట్టు." విమానాలు వెళ్ళిపోయాక మళ్ళీ వచ్చేదాకా పని ఉండదు. ఎవరూ మెస్‌కి వెళ్ళలేదట. ఆకాశం వైపు చూస్తూ లెక్కపెడుతూ కూర్చున్నారు. ఆయన సంతకం పెట్టిన డకోటా తిరిగొచ్చింది. ఇంజన్ ఆగిపోయాక కూడా కాసేపు దాని లోపల ఇనుము చల్లారుతూ టిక్కు టిక్కుమంటుందట. ఆ చప్పుడు వింటూ నిచ్చెన దగ్గర నిలబడి, "స్నాగ్స్ ఏమైనా ఉన్నాయా సార్?" అని అడిగారు. పైలట్ "నిల్" అన్నాడు. అంతే, ఇంకేం మాట్లాడుకోలేదు.

నేను ఇప్పటికీ మా టెక్‌లాగ్‌లో, అంటే విమానం లోపాలు రాసే పుస్తకంలో, అదే మాట రాస్తాను. దిగాక ఏ లోపమూ లేకపోతే "నిల్" అని రాసి సంతకం పెడతాను. ప్రయాణికులు దిగుతుంటే తలుపు దగ్గర థాంక్యూ చెప్పేది మా పైలట్లకే. రాత్రంతా మేలుకుని, నాకంటే ముందు సంతకం పెట్టిన ఇంజనీర్ పేరు చాలా రోజులు నేను చదవను కూడా చదవలేదు. ఇప్పుడు చదువుతున్నాను.

అయ్యా, అమ్మా, మన దగ్గర విమాన యుద్ధం అనగానే గుర్తొచ్చేవి పైలట్ల పేర్లే. 1971 డిసెంబర్ 14న శ్రీనగర్ మీద ఒంటరిగా పోరాడి ప్రాణాలిచ్చిన ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జీత్ సింగ్ సెఖోన్ గారికి పరమవీర చక్ర ఇచ్చారు. వైమానిక దళంలో ఆ పతకం అందుకున్నది ఆయన ఒక్కరే. ఆ పేరు తలచుకున్నప్పుడల్లా నేను నిటారుగా కూర్చుంటాను. ఆయన్ని తక్కువ చేసే మాట ఒక్కటీ నా నోట రాదు. అయితే ఆ రోజు ఆయన నాట్ విమానాన్ని సిద్ధం చేసిన చేతులు కూడా ఎవరివో ఉన్నాయి. వాళ్ళు కూడా ఏదో ఊళ్ళో ముసలివాళ్ళయి ఉంటారు.

పైలట్ల సంగతే చెప్పేవాళ్ళు లేక మరుగున పడిపోవచ్చు. స్క్వాడ్రన్ లీడర్ దేవయ్య గారిది కొడగు. 1965 సెప్టెంబర్ 7న పాకిస్తాన్‌లోని సర్గోధా వైమానిక స్థావరం మీద దాడికి మిస్టేర్ విమానంలో వెళ్ళి తిరిగి రాలేదు. ఏమయ్యారో మనవాళ్ళకెవరికీ తెలియలేదు. తనదానికంటే ఎంతో వేగంగా పోగల పాకిస్తాన్ స్టార్‌ఫైటర్ విమానంతో తలపడి, దాన్ని కూల్చి, తానూ పోయారన్న సంగతి చాలా ఏళ్ళ తర్వాత అవతలి పక్షం కథనం ఒక బ్రిటిష్ రచయిత పుస్తకంలో అచ్చయితే గాని బయటపడలేదు. మహావీర చక్ర ఇచ్చింది 1988లో. అంటే 23 ఏళ్ళు. అంత ధైర్యమూ ఎవరో రాసిపెట్టబట్టి మిగిలింది. మోటార్ల తాతగారి గురించి అవతలి దేశంలో ఎవరు రాస్తారు? మనమే రాసుకోవాలి.

మన డెల్టా ఇదివరకే ఇలా చాలా పోగొట్టుకుంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి వచ్చాయి అవి. మా నాయనమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు, కాకినాడ నుంచి బళ్ళు కట్టుకుని వచ్చిన బంధువులు వాళ్ళింట్లో నెలల తరబడి ఉన్నారట. ఆ బంధువుల పేర్లు, వాళ్ళు ఏం చూశారు, ఏ వీధిలో ఉండేవారు, ఇవన్నీ ఆవిడ చెబుతుంటే నేను టీవీ చూస్తూ ఊఁ కొట్టాను. ఆవిడ పోయి తొమ్మిదేళ్ళు. ఆ రోజు కాకినాడలో పదేళ్ళ పిల్లలుగా ఉన్నవాళ్ళకి ఇప్పుడు తొంభై దాటి ఉంటాయి. తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఉంది. విమానాశ్రయ భూములని పేపర్లలో ఎప్పుడూ వార్తలొస్తూనే ఉంటాయి. దాని మీద రాళ్ళు మోసినవాళ్ళు, దిగిన విమానాలు చూసినవాళ్ళు ఏం చెప్పేవారో మాత్రం ఆ వార్తల్లో ఉండదు. అక్కడికి దగ్గర్లోనే ఉన్న మాధవరం ఊరిపేరులోనే మిలిటరీని నిలుపుకుంది. మిలిటరీ మాధవరం అంటే తెలియనివాళ్ళు లేరు. తరతరాలుగా ఇంటింటి నుంచీ సైన్యానికి వెళ్ళారు కాబట్టి అక్కడ ఒకరి మాట ఇంకొకరు మోస్తారు. మిగతా ఊళ్ళలో ఒకరో ఇద్దరో ఉంటారు. వాళ్ళ మాట మోసేవాళ్ళు లేరు.

రెండోసారి తాతగారింటికి వెళ్ళినప్పుడు ట్రంకు పెట్టె తెరిచారు. 1996 నవంబర్ 6 తుపాను మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కొబ్బరి చెట్లు వేలకు వేలు పడిపోయి, కోనసీమ గుండు గీసినట్టయిన రాత్రి అది. ఆ రాత్రి పైకప్పు లేచిపోయి పెట్టెలోకి నీళ్ళు వచ్చాయి. ఫొటోల ఆల్బం అట్ట కట్టుకుపోయింది. ఒక పేజీ విడదీయబోతే మొహాలు అవతలి పేజీకి అంటుకుని వచ్చేస్తాయి. డిశ్చార్జి పుస్తకంలో సిరా అలుక్కుపోయి, ట్రేడ్ అన్న చోట "ఫిట్టర్" అన్న మాట మాత్రం మిగిలింది. కాగితం ఇంక ఏమీ చెప్పదు. ఉన్నదంతా ఆయన గొంతులోనే ఉంది.

ఆ రోజే నా ఫోన్‌లో ఒక వీడియో చూపించాను. బ్రిటన్‌లో బాగుచేయించిన పాత డకోటా ఒకటి 2018లో మన వైమానిక దళానికి వచ్చింది. పరశురామ అని పేరు పెట్టారు. 1947 అక్టోబర్ 27న మొదటి దఫా సైనికుల్ని శ్రీనగర్ చేర్చిన డకోటా నంబరే దాని తోక మీద రాశారు. తాతగారు కాసేపు చూసి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ఇంజన్ అందుకునేటప్పుడు రెండు మూడుసార్లు దగ్గి, పొగ వదిలి, ఒక్కసారిగా దారిలో పడుతుంది. అక్కడ ఆయన తల ఊపారు. మళ్ళీ పెట్టమన్నారు. నాలుగుసార్లు విన్నారు. వంటింట్లోంచి మామ్మగారు వచ్చి గుమ్మంలో నిలబడి, "పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఆయన అక్కడ ఏం చేసేవారో ఇప్పుడు వింటున్నానమ్మా. నాకెప్పుడూ చెప్పలేదు" అన్నారు. తాతగారు కళ్ళు తెరిచి, "నువ్వెప్పుడు అడిగావ్?" అన్నారు. కోపంగా కాదు, నిజంగానే ఆశ్చర్యపోయి అన్నారు.

ఆ మాట దగ్గరే నాకు ఈ ఉత్తరం రాయాలనిపించింది. అడగలేదు. మనం ఎవ్వరమూ అడగలేదు.

ఒకసారి పిలిచారట. జనవరి 26న ఒక బడిలో. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పతకాలు పెట్టుకుని వెళ్ళారు. శాలువా కప్పి, దండ వేసి, కుర్చీలో కూర్చోబెట్టారు. పిల్లలకి చెబుదామని ప్లగ్గు ఒకటి జేబులో పెట్టుకుని వెళ్ళారు. మైకు ఆయన దాకా రాలేదు. ఆ ప్లగ్గు ఇప్పుడు దేవుడి గూట్లో ఉంది. బడివాళ్ళని తప్పు పట్టడానికి ఇది చెప్పడం లేదు, వాళ్ళు గౌరవంగానే చేశారు. కాకపోతే శాలువాతో పని అయిపోయిందనుకున్నారు.

నేను అడిగేది ఇది. పింఛను తీసుకునే మాజీ సైనికులు ఏటా నవంబర్‌లో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. 80 దాటినవాళ్ళు అక్టోబర్ 1 నుంచే ఇవ్వచ్చు. ఏడాదికొకసారి మనం వాళ్ళని కచ్చితంగా అడిగే ప్రశ్న అదొక్కటే, బతికి ఉన్నారా అని. ఈ నవంబర్‌లో ఆ ప్రశ్నతో పాటు రెండో ప్రశ్న కూడా అడగండి. మీరు అక్కడ ఏం పని చేసేవారు, మా పిల్లలు వచ్చి వింటే చెబుతారా, అని. సైనిక సంక్షేమ కార్యాలయాల దగ్గర మాజీ సైనికుల వివరాలు ఉంటాయి. అందులో 1971 డిసెంబర్ లోపు చేరినవాళ్ళని వేరు చేస్తే జాబితా ఏమంత పెద్దది కాదు. వయసు లెక్క వేసుకుంటే అది ఏటికేడు ఇంకా చిన్నదవుతుంది. ఇంట్లోంచే ఫోన్‌లో సర్టిఫికెట్ ఇచ్చేసేవాళ్ళు, మంచం దిగలేనివాళ్ళు కార్యాలయానికి రారు. వాళ్ళ దగ్గరికి మనమే వెళ్ళాలి. నేను విమానం మనిషిని కాబట్టి వైమానిక దళం గురించి రాశాను గాని, నౌకాదళం వాళ్ళు, సైన్యం వాళ్ళు, వైర్‌లెస్ వాళ్ళు, వంటవాళ్ళు, డ్రైవర్లు, అందరినీ అడగాలి.

ఆ జాబితాలోని పెద్దవాళ్ళు అనుమతిస్తే, వాళ్ళ ఊరి హైస్కూలుకి కబురు పంపండి. హెడ్మాస్టరుగారు తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరిని, తెలుగు మాస్టారుని పంపితే చాలు. కెమెరాలు, స్టూడియోలు అక్కర్లేదు. ఫోన్‌ని మడిచిన తువ్వాలు మీద పెట్టి, ఫ్యాన్ ఆపేసి, ఆయనకి మూరెడు దూరంలో ఉంచితే గొంతు చక్కగా పడుతుంది. నేను తాతగారి దగ్గర అలాగే చేశాను. మొదటి రెండుసార్లు ఫ్యాన్ ఆపకుండా చేసి, ఒక మంచి పూటంతా పాడుచేసుకున్నాను.

అడిగే తీరు గురించి మాస్టార్లకి ఒక మనవి. "యుద్ధం ఎలా జరిగింది?" అని అడిగితే తాతగారు పేపర్లో చదివిందే చెప్పారు. "పొద్దున్న లేచి మొదట ఏ పనిముట్టు పట్టుకునేవారు?" అని అడిగితే గంటన్నర ఆగలేదు. చేతుల గురించి అడగమనండి. ఏం తినేవారు, జీతంలో ఇంటికెంత పంపేవారు, ఉత్తరం ఎన్నాళ్ళకి వచ్చేది, ఎవరికి భయం వేసేది, ఎవరు పాడేవారు, అడగమనండి. గుర్తులేదంటే వదిలేయాలి, మాట అందించకూడదు. ఆయన యాసని పిల్లలు పుస్తకాల భాషలోకి మార్చి రాయకూడదు. చెప్పనంటే బతిమాలకూడదు, కొందరికి చెప్పలేనివి ఉంటాయి. ఫొటోలు, కాగితాలు ఇంట్లోనే ఫోన్‌తో తీసుకోవాలి. బడికి తెచ్చి చూపిస్తామని అసలువి పట్టుకుపోవద్దు, అలా వెళ్ళినవి తిరిగి రావు. ఇంట్లో మామ్మగారు ఉంటే ఆవిడని వేరేగా కూర్చోబెట్టి అడగండి. 1971 డిసెంబర్‌లో తాతగారింటి మామ్మగారు నెలలు నిండి పుట్టింట్లో ఉన్నారు. విశాఖ దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిందని రేడియోలో చెప్పినప్పుడు, యుద్ధం మన సముద్రం దాకా వచ్చేసిందని ఏడ్చారట. ఆయన క్షేమంగా ఉన్నట్టు ఉత్తరం అందేసరికి బిడ్డకి బారసాల కూడా అయిపోయింది. ఇది కూడా ఆ యుద్ధంలో భాగమే.

రికార్డింగు కాపీ ఒకటి ఆ ఇంటికి, ఒకటి బడికి, ఒకటి జిల్లా కేంద్ర గ్రంథాలయానికి. పైన పేరు, ఊరు, ట్రేడ్, చేరిన ఏడు. మొదట ఒక్క మండలంలో చేసి చూడండి. నాకు నెలలో సెలవు రోజులు ఉంటాయి. ఏ బడివాళ్ళు పిలిచినా సొంత ఖర్చులతో వచ్చి పిల్లలతో కూర్చుంటాను. విమానాల మాటలు అర్థం కాకపోతే విడమరిచి చెబుతాను. ఆ ప్లగ్గు ఎలా పనిచేస్తుందో బోర్డు మీద గీసి చూపిస్తాను. మా పైలట్లలో గోదావరి జిల్లాలవాళ్ళు ఇంకో నలుగురు వస్తామన్నారు.

తాతగారికి ఎడమ కన్ను సరిగా కనిపించడం లేదు. వినికిడి మాత్రం బాగుంది. పొద్దున్న ఆరు నుంచి తొమ్మిది దాకా అరుగు మీదే ఉంటారు, అప్పుడు బాగా మాట్లాడతారు. పదింటి పంటుకి రేవులోకి వెళ్ళి ఇంజన్ చప్పుడు విని వస్తారు. వచ్చే పిల్లలు ఆ లోపే వస్తే మంచిది.

ఇట్లు,
కోనసీమలో పుట్టిన ఒక పైలట్